కత్తిరించని కాగితం

లారెల్ కొండ, పెన్సిల్వేనియా
మే నెల, 1998

ప్రియమైన తమ్ముడు లోయెల్‌కు,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను. నిజానికి నీమీద ఒళ్ళు మండిపోతోంది. ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదువుతావని రాస్తున్నాను.

మా ఊరి తుపాకుల కొట్టుకు నువ్వు పంపించిన తుపాకీ వెళ్ళి తెచ్చుకున్నాను. మధ్యకు మడిచి, ఒక్క తూటా పెట్టి, మూసి కాల్చే చవకరకం. చవకదని నాకేం బాధ లేదు, నా ఇంట్లో ఖరీదైనవి ఏం ఏడ్చాయి గనక. నా మంటంతా దాంతోపాటు వచ్చిన, నువ్వు గురిపెట్టి కాల్చిన కాగితం ముక్క గురించే. మూడు రంధ్రాలు, ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నట్టు ఉన్నాయి. పైన పది సెంట్ల డైము బిళ్ళ పెడితే మూడూ దాని కింద దాక్కున్నాయి. అడుగున నీ చేతిరాత, 'వంద గజాలు. దీని పనితనం ఇదీ' అని. నేను నమ్మాను.

పై పచ్చికలో నీళ్ళ తొట్టి పక్కనుంచి, పచ్చికంతా బొరియలు తవ్విపోసే గ్రౌండ్‌హాగ్ ఒకటి తల బయటపెట్టింది. వెనకంతా మట్టిగట్టే. డైము బిళ్ళ కింద పట్టే తుపాకీ కదా అని కాల్చాను. తొట్టికి చిల్లు పడింది. ఆ బలిసిన జంతువు నావంక చూసి తీరిగ్గా బొరియలోకి దిగింది. కొత్త గుర్రం పెన్నీ బెదిరిపోయి సాయంత్రందాకా నా దగ్గరికి రాలేదు. ఆ తర్వాత దుప్పటి మడిచి బల్లమీద వేసి, అట్టముక్కకు గురిచూసి గబగబా ఐదు కాల్చాను. సాసరంత మేర చెల్లాచెదురుగా పడ్డాయి.

ఏటేటా మే నెలలో వచ్చి గ్రౌండ్‌హాగ్‌లను కాల్చి ఆ పచ్చిక శుభ్రం చేసి పోయేవాడివి. కిందటేడు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పనూ లేదు. నువ్వు రాని ఆ ఏడే బొరియలో పడి డాలీ కాలు విరిగింది. పదమూడేళ్ళు నా బండి లాగిన గుర్రాన్ని కళ్ళెదుటే చంపించాల్సి వచ్చింది. ఇప్పుడు పెన్నీ వచ్చింది. జూన్ కోతల్లోపు ఆ బొరియలు ఖాళీ కాకపోతే దాన్ని పైకి తోలను. మరి గడ్డిబండి ఎవరు లాగుతారు, నువ్వా?

నీ తుపాకీ నువ్వు తీసుకుపో.

మండిపడుతున్న నీ అక్క,
ఆర్డిస్


డేటన్, ఒహాయో

ప్రియమైన అక్కా,

నేను అలవాటు కొద్దీ రాయడం లేదు. ఉత్తరం అలాగే మొదలుపెట్టాలని అమ్మ నేర్పింది గనక రాస్తున్నాను.

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట. దుప్పటిమీద పెట్టి కాల్చానన్నావు. తుపాకీలో ఏ భాగాన్ని ఆనించావు? గొట్టం కింద ఉండే చెక్క మధ్యభాగాన్ని, అవునా? చూడకుండానే చెప్పగలను. ఈ రకం తుపాకీకి ఆ చెక్క ఒక్క స్క్రూతో గొట్టాన్నే పట్టుకుని వేలాడుతుంది. నువ్వు చెక్కను నొక్కితే చెక్క గొట్టాన్ని నొక్కుతుంది. ఒక్కోసారి ఒక్కోలా నొక్కుతుంది. తూటా ఎటుపోవాలో దానికి మాత్రం ఏం తెలుస్తుంది?

ఆ స్క్రూ విప్పు. చెక్కకీ గొట్టానికీ మధ్య, స్క్రూ చుట్టూ వచ్చేలా చిన్న రబ్బరు రింగు పెట్టు. మళ్ళీ బిగించు, కానీ పచ్చడి జాడీ మూత బిగించినట్టు బిగించకు. మడత పడేచోట జిడ్డు, దుమ్ము తుడువు. దుప్పటిని ఆ మడత కిందికి జరుపు, ప్రతిసారీ అక్కడే ఆనించు. మూసేటప్పుడు ఒకసారి మెల్లగా, ఒకసారి ధనామని మూయకు. ఒక తూటా కాల్చాక గొట్టం చల్లారేదాకా వేరే పని చూసుకో. గబగబా ఐదు కాల్చాననడానికి నీకు సిగ్గుండాలి.

కిందటేటి సంగతి ఎత్తకు.

నీ తమ్ముడు,
లోయెల్


లారెల్ కొండ

ప్రియమైన లోయెల్,

సిగ్గు నాకు కాదు ఉండాల్సింది.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. రబ్బరు రింగు కుళాయి సామాన్ల డబ్బాలో దొరికింది. మడత దగ్గర తుడిస్తే గుడ్డ నల్లబడింది. కాల్చిన ప్రతిసారీ వెళ్ళి ఒక బకెట్టు నీళ్ళు మోసుకొచ్చి పెన్నీకి పోశాను. అది కడుపు నిండా తాగింది. నా నడుం పడిపోయింది. సాసరు కోడిగుడ్డంత అయింది, ఒప్పుకుంటాను. డైము బిళ్ళ మాత్రం కాలేదు, మూడు రోజులు కాల్చినా కాలేదు.

మూడోరోజున పక్క పొలం గ్లెన్ కంచె దగ్గరికొచ్చి, ఇన్నాళ్ళుగా ఎవరితో యుద్ధం చేస్తున్నావని అడిగాడు. నీ కాగితం చూపించాను. పడీపడీ నవ్వాడు. పర్సు తీసి తనదీ చూపించాడు. అచ్చం అలాంటిదే, కత్తిరించిన ముక్క, చివరలు పసుపుబారిపోయింది.

"ఇది ప్రతివాడి పర్సులోనూ ఉంటుంది ఆర్డిస్. పెళ్ళిఫొటో లాంటిదనుకో. ఆ ఒక్కరోజే అంత అందంగా ఉంటాం. గురి తప్పాయని పొయ్యిలో పడేసిన కాగితాల ఊసు ఎవడూ ఎత్తడు" అన్నాడు.

అంటే నీకు తెలుసు. తెలిసీ 'దీని పనితనం ఇదీ' అని రాశావు. ఆ మాట నమ్మే కదా నేను తొట్టి అంచున కాల్చింది. అక్కడ తొట్టి బదులు పెన్నీ కాలుంటే? నాన్న ఏమనేవాడో గుర్తుందా? తుపాకీని దాని మంచి తూటాతో కాదు, చెడ్డ తూటాతో కొలవాలనేవాడు. మనిషినీ అంతే. నీ చెడ్డ తూటా కిందటేడు మే నెల. దాన్ని ఎత్తొద్దంటావా? డాలీని పాతిపెట్టిన గోతిమీద ఇంకా గడ్డి కూడా సరిగా మొలవలేదు. ఎత్తుతాను, నా ఇష్టం.

నీ అక్క,
ఆర్డిస్


డేటన్

అక్కా,

ఈసారి ప్రియమైన అని రాయడం నావల్ల కాలేదు.

ఎత్తావు గనక విను. రెండేళ్ళ కిందట నీ భోజనాల బల్ల దగ్గర, రూత్ ముందర, ఆ గ్లెన్ ముందర, బంగాళాదుంపల గిన్నె ఇటు తోస్తూ ఒక మాటన్నావు. "వీడు నాకోసం వస్తాడనుకున్నారా? గ్రౌండ్‌హాగ్‌ల కోసం వస్తాడు. అవి లేకపోతే నా మొహం కూడా చూడడు" అన్నావు. గ్లెన్ నవ్వాడు. నా పెళ్ళాం రూత్ కూడా నవ్వింది. నేను తల వంచుకుని ముద్ద మింగాను.

కిందటేడు మే నెలలో బయలుదేరాను. అది నీకు తెలియదు. రాష్ట్రం సరిహద్దు దాకా వచ్చి, హోటల్ దగ్గర ఆగి, నువ్వు పంపిన కార్డు మళ్ళీ చదువుకున్నాను. ఏటా ఏం రాస్తావో అదే ఉంది. 'గ్రౌండ్‌హాగ్‌లు బయటికొచ్చాయి, బాగా బలిశాయి.' అంతే. తమ్ముడూ ఎలా ఉన్నావని లేదు, రమ్మని లేదు. కాఫీ తాగేసి బండి వెనక్కి తిప్పాను.

డాలీ సంగతి గ్లెన్ రాస్తే తెలిసింది. నాలుగురోజులు నాకు ముద్ద దిగలేదు. నువ్వు నమ్మినా సరే, నమ్మకపోయినా సరే.

అందుకే తుపాకీ పంపాను. నీకు కావలసింది కాల్చేవాడే గదా, తీసుకో, ఇక నువ్వే కాల్చుకో. నాతో పనేముంది? మంచి కాగితమే పంపాను, అవును. చెడ్డది ఎవడు పంపుతాడు?

ఒక్కటి చెప్పి వదిలేస్తాను. నువ్వు డ్రాయర్లో మిగిలిన పాత తూటాలూ కొత్తవీ కలిపి కాల్చి ఉంటావు. నీ పొదుపు నాకు తెలియనిదా. ఒకే పెట్టెలోవి కాల్చు. అన్నీ అంగుళంన్నర మేరలో పడతాయి. ఆ తుపాకీకి అదే గొప్ప. డైము బిళ్ళ మీద ఆశ వదిలెయ్.

లోయెల్


లారెల్ కొండ
జూన్ ఆఖరు

ప్రియమైన తమ్ముడు లోయెల్‌కు,

ఇన్నాళ్ళూ రాయకపోతే కోపం తగ్గిందనుకోకు. గడ్డి కోతలు.

డ్రాయర్లో తూటాల మాట నిజమే. అంత కచ్చితంగా చెప్పినందుకు ఇంకా ఒళ్ళు మండింది. కొత్త పెట్టె తెరిచి, మధ్యమధ్య బకెట్లు మోస్తూ, ఐదు కాల్చాను. కాగితం ఇందులోనే పెడుతున్నాను. చూడు, కత్తిరించలేదు, పూర్తి కాగితం. నాలుగు దగ్గరగా పడ్డాయి. ఐదోదానికి నా చెయ్యి అదిరింది, అది ఎడమకు పోయింది. దాన్నీ కలిపితేనే నువ్వన్న అంగుళంన్నర. అంగుళంన్నర తుపాకీతో ఎలా కాల్చాలో అలాగే కాల్చాను. రాతిగోడ వెంట పాక్కుంటూ సగం దూరం దగ్గరికెళ్ళి, వెనక మట్టి తప్ప ఏమీ లేదని చూసుకుని కాల్చాను. ఈ వయసులో మోకాళ్ళు దోక్కుపోయాయి. బొరియలన్నీ ఖాళీ అయ్యాక రాళ్ళూ మట్టీ వేసి పూడ్చాను. పోయిన సోమవారం నుంచి పెన్నీ పై పచ్చికలోనే ఉంటోంది.

ఇక ఆ మాట. అన్నాను. వెనక్కి తీసుకోను. తెల్లారకముందే గుట్టెక్కేవాడివి, తినే వేళకు దిగేవాడివి, తుపాకీ తుడుచుకుంటూ నిద్రపోయేవాడివి. ఇన్నేళ్ళలో నా వంటింట్లో ఒక్క పూట కూర్చున్నావా? నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? నిన్ను చూడాలనుంది అని రాయడానికి చెయ్యి రాక, ప్రతి ఏడూ గ్రౌండ్‌హాగ్‌లు బలిశాయని రాశాను. కొన్నేళ్ళు అవి అసలు బలవనేలేదు. సరిహద్దు దాకా వచ్చి తిరిగిపోయావని చదివి, ఉత్తరం బల్లమీద విసిరికొట్టాను. మొద్దు వెధవా, ఇంకో గంట నడిపితే ఇంటికొచ్చేవాడివి గదా.

సరే, విను. పై పచ్చికలో ఒక్క గ్రౌండ్‌హాగ్ కూడా లేదు. కింద కొట్టం దగ్గరా లేదు. తొట్టి చిల్లుకు నేనే మాటు వేసుకున్నాను, కాబట్టి ఆ వంక కూడా లేదు. గడ్డి ఎత్తడం అయిపోయింది, సాయం అక్కర్లేదు. తుపాకీ తెచ్చావంటే గేటు దగ్గరే ఆపేస్తాను. ఇక్కడ నువ్వు చెయ్యడానికి పని ఏమీ మిగల్లేదు.

శనివారం రా.

నీ అక్క,
ఆర్డిస్