సిమలుజాన్ పేరు చెప్పినవాడి గురించి

జిల్లా పోలీసు అధికారి వారి సముఖమునకు,
బరపుఖురి మైదానంలో మకాం వేసియున్న సంచార నాటక సంస్థ రచయిత, నటుడు హేరంబ ఖనికర్ వ్రాసుకొను అర్జీ. తేదీ: 9 డిసెంబరు 1998.

అయ్యా,

విషయం: సిమలుజాన్ అనే వాగు పేరు నాకు చెప్పినదెవరో రేపు సాయంత్రంలోగా తెలుపవలెనని తమరు కోరిన సంజాయిషీ గురించి.

1. అర్జీదారు వయస్సు అరవై రెండు. ముప్పై అయిదేళ్లుగా లారీల మీద గుడారం, రెండు రంగస్థలాలు వేసుకుని అస్సామంతా తిరుగుతున్నవాడు. వ్రాసిన నాటకాలు నలభై ఒకటి. చచ్చిపోయే వేషాలు లెక్కలేనన్ని వేశాడు. అనుమతి పత్రాలకు తప్ప ఏ ఠాణా గుమ్మమూ తొక్కి ఎరుగడు.

2. మావాళ్లలో ఒక అలవాటు ఉన్నది. ఏ ఊరిలో మకాం వేస్తే ఆ ఊరి పేర్లు నాటకంలోకి దింపుతాము. ప్రియురాలు ఎదురుచూసే రేవు ఆ ఊరి రేవవుతుంది, దొంగ దాక్కునే తేయాకుతోట ఆ ఊరి తోటవుతుంది. పేరు వినబడగానే జనం ఈలలు వేస్తారు. చౌకబారు పనే, ఒప్పుకుంటాను. ఇన్నాళ్లూ కడుపు నింపిన పని కూడా అదే.

3. ఈ యేటి నాటకంలో కనబడకుండా పోయిన కొడుకు కోసం ఒక తల్లి తిరుగుతుంది. చివరి రంగంలో పిచ్చివాడి వేషంలో నేను, "నీ కొడుకు ఫలానా వాగు ఒడ్డున బూరుగుచెట్టు కింద నిద్రపోతున్నాడమ్మా" అంటాను. ఆ వాగు ఊరికొక పేరు మార్చుకుంటుంది. ఇక్కడికి వచ్చిన నాడు కూడా మనిషి కాలుపెట్టని వాగు ఏదైనా ఉన్నదా అని ఒకరిని అడిగాను. ఆయన చాలాసేపు నా ముఖంలోకి చూసి సిమలుజాన్ అన్నాడు.

4. ఆ ఆటలో ఈలలు పడలేదు. రెండు వేలమంది కూర్చున్న గుడారంలో దగ్గు కూడా వినబడలేదు. ఫూలేశ్వరి మొరాన్ అనే ఆమె లేచి బయటకు నడిచింది. మర్నాడు పార పట్టుకుని తానే సిమలుజాన్ ఒడ్డుకు వెళ్లి బూరుగుచెట్టు కింద తవ్వింది. ఆమె కొడుకును యూనిఫాం వాళ్లు ఇంట్లోంచి తీసుకుపోయి పద్నాలుగు నెలలయింది. దొరికినది తమకు తెలుసు. ఎముకల మీది స్వెటర్ తాను అల్లినదేనట.

5. తమ ఇన్‌స్పెక్టరు గారు నన్ను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, "పెద్దాయనా, నాటకాలు నా దగ్గర ఆడకు. ఒక్క పేరు ఇచ్చెయ్, నీ లారీలు కదుల్తాయి. లేదా, నీ ఆఖరి రంగం ఈ మైదానంలోనే" అన్నారు. నేను వ్రాసే మాటల కన్నా బాగున్నది. నాకు భయంగా ఉన్నది. అరవైమంది కళాకారుల బతుకు నా నోటి మీద ఉన్నది.

6. ఆ మనిషి గురించి ఇక్కడ నాలుగు పంక్తులు వ్రాసి కొట్టివేశాను, క్షమించవలెను. వెలుతురులో పట్టి చూడనవసరం లేదు, బాగా రుద్దాను.

కావున, ఆ పేరు నేనే కల్పించితినని నమోదు చేయించి, నన్ను ఉంచుకుని లారీలను వదిలివేయవలసినదిగా చేయు విన్నపమును దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
హేరంబ ఖనికర్

తా.క.: ఈ కాగితం మడిచేలోగా ముగ్గురు ఆడవాళ్లు వేరువేరు వేళల్లో మా గుడారానికి వచ్చారు. ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేనివాళ్లు. ముగ్గురూ కంచుపళ్లెంలో తమలపాకు, పోకచెక్క పెట్టి నా ముందు మోకరిల్లారు. మొదట వచ్చినామె అన్నది: "అన్నా, మావాడిని పూడ్చిన చోటు కూడా రేపు ఆటలో పలుకు. మేం చెబితే మమ్మల్నీ తీసుకుపోతారు. నువ్వు పలికితే ఊరంతా వింటుంది." ఆమె చెప్పిన చోటునే తరువాతి ఇద్దరూ చెప్పారు. అయ్యా, అది తమరు ఉంటున్న బంగళా వెనుక వెదురుతోపు. పళ్లెంలోని పోకచెక్క తీసుకున్నాను. తీసుకున్నవాడు మాట తప్పకూడదు. సంగతి మావాళ్లందరికీ చెప్పాను, ఒక్కరూ పెట్టె సర్దలేదు. కనుక పై విన్నపమును రద్దు చేసుకుంటున్నాను. రేపటి ఆటకు తమకు ముందువరసలో కుర్చీ వేయించాము.