ఓడ గంటకు చింతపండు

బావా,

ఊరంతా స్టీల్ ప్లాంటు మాటలే. వన్ టౌన్ సందులో మన రెండు గదుల ఓడల మ్యూజియం ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను. నీ అర్జీలు ఎవరు చదివారో గానీ, నువ్వు పోయిన ఏడాదికి గ్రాంటు వచ్చింది. కారే కప్పు బాగుచేయించాం. పాత వస్తువులను కాపాడడమే చదువుగా చదివిన ఒకావిడను హైదరాబాదు నుంచి పంపించారు కూడా.

ఆవిడ నేరుగా నీ ఇత్తడి గంట దగ్గరికే వెళ్ళి, "దీన్ని దేంతో తోముతున్నారు?" అని అడిగింది.

"సింతపండండి. మా బావ పెతి శనోరం తోమీవోడు. ఆయన పోయాక నాను తోమతన్నాను. మెరవకపోతే ఎవులు సూత్తారండి?"

"మురికితో పాటు గంట మీద చెక్కిన ఓడ పేరు అక్షరాలూ అరిగిపోతున్నాయండీ."

ఆ గంట ఏ ఓడదో తెలుసుకోవాలని హార్బర్లో కనబడిన ప్రతి ముసలి కళాసీనీ అడిగేవాడివి. ఆ పేరునే మనిద్దరం తోమేస్తున్నామన్నమాట.

ఆవిడ కిటికీలు మూయించి, టార్చిలైటు పక్కనుంచి వాలుగా పట్టింది. నున్నటి ఇత్తడి మీద సన్నటి నీడలు లేచాయి. కూడబలుక్కుని చదివాను. ఆగ్నెస్. "ఆడపేరే అయ్యుంటాది బావా" అనేవాడివి. అదే అయింది.

ఇక చింతపండు తగలనివ్వొద్దంది. గూట్లో మిగిలిన ముద్ద ఇంటికి తెచ్చేశాను. ఈ రోజు మీ చెల్లి దాంతోనే చేపల పులుసు పెట్టింది.

గంట రోజురోజుకీ నల్లబడుతోంది. కోప్పడకు బావా. పేరు నిలిచింది.