ఒక్క దెబ్బంటే తిప్పమని

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. సాయంత్రం వదిన ఇంట్లో ప్రార్థన పెట్టింది. పొద్దున మాత్రం నౌబాద్‌లో మన షెడ్డు తెరిచాను. సుజాతమ్మ టీచర్ కారు మళ్లీ వచ్చింది.

స్టీరింగ్ తిప్పితే ముందు ఎడమవైపు టంగుమంటోంది. పోయినవారం ఒక్కడినే చూసి, బాల్ జాయింట్ అనుకుని మార్చాను. చప్పుడు పోలేదు. ఒకరు తిప్పితే ఒకరు చెయ్యి పెట్టి చూడాల్సిన పని అది. నువ్వు కూర్చుని స్టీరింగ్ తిప్పే సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టబుద్ధి కాలేదు, అంతే.

ఇవాళ టీచర్నే కూర్చోమన్నాను. చక్రం పక్కన కూర్చుని, చెయ్యి దూర్చి స్ప్రింగ్ పట్టుకున్నాను. ఆమె తిప్పుతుంటే అది బిగుసుకుపోయి, ఒక్కసారిగా ఎగిరింది. దాని పైనున్న బేరింగ్ పట్టేసింది. వెంటనే పానాతో చక్రం మీద రెండు దెబ్బలు కొట్టాను. ఆమె తిప్పుతూనే ఉంది.

"ఎందుకు కొడుతున్నరన్నా?"

"ఆపుమని, అమ్మా."

"నోటితోటి చెప్పరాదు?"

పక్క కార్ఖానా మోతలో మాట వినబడదని నువ్వు పెట్టిన పద్ధతి కదా. ఒక్క దెబ్బంటే తిప్పమని, రెండంటే ఆపమని. ఆమెకెలా తెలుస్తుంది?

బేరింగ్ మార్చాను, చప్పుడు పోయింది. టీచర్ సంతోషంగా వెళ్లింది.

తర్వాత ఇంకో కారు ముందు కూర్చున్నాను. స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టి, ఏదో ధ్యాసలో చక్రం మీద ఒక్క దెబ్బ కొట్టాను.

చక్రం కదల్లేదు. చెయ్యి మాత్రం చాలాసేపు అక్కడే ఉంచాను.