బరువు లేని పెట్టె

డిసెంబరు 26, మధ్యాహ్నం

పూజ్యురాలైన అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. ఈసారీ పండగ డ్యూటీ నీకే వేశారని తెలిసి, మీ మరిది మీ పెద్ద నర్సమ్మని నీ తరఫున నాలుగు తిట్లు తిట్టారు. ఈ ఉత్తరం ముట్టినట్టు జవాబు రాయి.

నిన్నటి నుంచి నా గుండెల మీది బండ దిగిపోయినట్టుంది. మొదటి నుంచీ చెప్తాను, మధ్యలో నవ్వకు.

మా పిడికిలికి ఈమధ్యే ఏడేళ్లు నిండాయి కదా. పుట్టిన రోజున నీ వేలు పట్టుకుని గంటసేపు వదల్లేదని ఆ పేరు పెట్టింది నువ్వే. ఇప్పటికీ ఏదీ వదలదు మహాతల్లి! కిందటి వారం ఊడిన పాలపన్నుని కూడా నా గుండీల డబ్బీలో దాచుకుని, వాళ్ల నాన్నకి సైతం దూరం నుంచే చూపించింది. ఇక ఏడేళ్లు నిండాయి గనక, మనింటి ఆనవాయితీ ప్రకారం ఈ క్రిస్మస్‌కి తన మొదటి పెట్టె ఇవ్వాలి.

నాన్న మనకి చెప్పినట్టే చెప్పాను. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం నీకు ప్రాణమైనదొకటి చెప్పుల పెట్టెలో పెట్టి, ఎవరి గుమ్మం ముందో ఉంచి, తలుపు కొట్టి పరుగెత్తాలి. ఏం పెట్టావని పెద్దవాళ్లు అడగరు, ఇచ్చానని నువ్వు చెప్పవు. అంతా విని, ప్రాణమైనదే ఎందుకు, పనికిరానిది పెడితే కుదరదా అని అడిగింది. నాకు అక్కడే సగం ప్రాణం పోయింది.

కింద కొట్లో చెప్పులు కుట్టే తాతకి ఇస్తానంది. నా దగ్గర మిగిలిన లైనింగ్ గుడ్డతో పెట్టె చుట్టింది. మెట్ల మీద కోటు గుండీలు పెట్టుకుంటూ ఒక్క నిమిషం నా చేతికిచ్చింది. అక్కా, దానికి బరువే లేదు! మర్నాడు పొద్దున పక్క దులిపితే ఎలుగుబంటి బొమ్మ దిండు కిందే ఉంది. రంగుల పెట్టె, పూసలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంకేముంది, ఖాళీ పెట్టె ఇచ్చేసిందనుకున్నాను.

కోపం రాలేదు, భయమేసింది. ఎందుకంత భయమో చివర్లో చెప్తాను. చర్చి నుంచి రాగానే, మీ మరిదికని కుట్టిన కొత్త చొక్కా కాగితంలో చుట్టుకుని కిందికి దిగాను. పెట్టెలో పెట్టడం మరిచిపోయిందని ఏదో ఒకటి బొంకుదామని.

నన్ను చూడగానే తాత విరగబడి నవ్వాడు. మేకుల సొరుగు లాగి, దూదిలో పెట్టినదాన్ని చూపించాడు. పాలపన్ను!

తాతకి నోట్లో ఒక్క పన్నూ లేదు కదా, అందుకని ఇచ్చిందట. అక్కడితో ఊరుకుందా, పొద్దున్నే వెళ్లి సరిగ్గా పట్టిందా లేదా అని అడిగొచ్చిందట. నాన్న పెట్టిన నియమం ఒక్క పూట కూడా నిలవలేదు. ఒక్కదానితో ఎలా నమలనే అని తాత అడిగితే, కాస్త ఓపిక పట్టమనీ, కింది పన్ను ఇప్పటికే కదులుతోందనీ, ఊడినవి ఊడినట్టు తెచ్చిస్తాననీ మాటిచ్చి వచ్చిందట.

అక్కడే స్టూలు మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను. మొదటి పన్ను కదా, దాచుకుంటాను ఇవ్వమని అడిగితే, ఇచ్చింది వెనక్కి అడిగే వంశమా మీది అని కసిరాడు. చొక్కా అక్కడే వదిలేసి వచ్చాను. మీ మరిదికి ఇంకా తెలీదు.

ఇది రాస్తుంటే పిడికిలి నా మిషన్ పక్కనే కూర్చుని, నాలుకతో కింది పన్ను కదుపుతోంది. తాత ఆకలితో ఉంటాడట, తొందరగా ఊడాలట.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ చెల్లెలు

తా.క. నా ఏడో ఏట పాలమ్మే అవ్వకి నేనిచ్చిన పెట్టె ఖాళీది. బొమ్మని వదల్లేకపోయాను. కూతురికి నా బుద్ధే వచ్చిందనుకుని భయపడ్డాను. ఆ మర్నాడు చర్చిలో అవ్వ మెడకి నీ ఎర్ర మఫ్లర్ చూశాను. నా పెట్టె తెరిచి చూసి, అందులో అది పెట్టింది నువ్వేనని అప్పుడే తెలిసింది. మఫ్లర్ పారేసుకున్నావని ఆ చలికాలమంతా అమ్మ తిడుతుంటే, దగ్గుతూనే బడికెళ్లావు గానీ నోరు విప్పలేదు. ఇచ్చినవాళ్లు చెప్పకూడదు, సరే. నేనైనా చెప్పాల్సింది. ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది. ఈ ఉత్తరంతో పాటు వచ్చిన ఎర్ర మఫ్లర్ నేనే అల్లాను. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను, దీన్ని మాత్రం ఎవరికీ ఇచ్చేయకు.