మూడు డబ్బాల ఇత్తడి వ్యవహారం

ట్రాయ్, మిషిగన్
2 ఏప్రిల్ 1984

మహారాజశ్రీ డాక్టర్ హరనాథ్ గారికి,
దామోదర్ నమస్కరించి వ్రాయునది.

ఏ వ్యవహారానికైనా ఒక పద్ధతి ఉండాలి. ఫోన్‌లో మాట్లాడితే రికార్డు మిగలదు. కనుక మన సంగతులన్నీ ఉత్తరాల ద్వారానే జరగాలి. అందులోనూ వ్యవహారం ఉత్తరంలో, ఇంటి కబుర్లు తా.క.లో ఉండాలి. రెండూ కలిస్తే ఆఫీసుకీ వంటింటికీ తేడా ఉండదు.

ఇక విషయం. పేలిన పిస్టల్ తూటాలో మిగిలే ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా, మళ్ళీ మందూ బుల్లెట్టూ కూర్చి వాడుకోవడమే రీలోడింగ్ అని మీకు తెలుసు. మీకు తెలియనిదేమిటంటే, చూపుకి ఒకేలా ఉన్నా ఏ కంపెనీ గొట్టం తీరు దానిది. ఒకదాని గోడ దళసరి, ఇంకొకదాని పొడవు తక్కువ. కలిపి వాడితే ఒక బుల్లెట్ బిగుసుకుంటుంది, ఇంకొకటి వదులవుతుంది, గురి గాలికి పోతుంది. అందుకే అడుగున ముద్ర చూసి, కాలిపర్‌తో కొలిచి, మూడు కంపెనీలవీ మూడు కాఫీ డబ్బాల్లో వేరు చేశాను. మీ వైపు డ్రైవ్ చేస్తున్న కృష్ణమోహన్ చేత పంపుతున్నాను.

నెలాఖరు శనివారం షాంటిలీ పిస్టల్ క్లబ్‌లో మీకు పరీక్ష. గురి కుదిరితేనే మెంబర్‌షిప్ అనీ, తప్పితే మళ్ళీ అప్లై చేయనివ్వరనీ మీరే రాశారు. ఆ క్లబ్ బోర్డు మీద తొలి తెలుగు పేరు పడుతుందా లేదా అన్నది ఈ డబ్బాల మీద ఆధారపడి ఉంది.

ఇట్లు విధేయుడు,
దామోదర్

తా.క. మా ఆవిడ ప్రమోద గోంగూర పచ్చడి పంపింది. అది నాలుగో డబ్బా. అందులో మందు కూర్చవద్దు.

*

షాంటిలీ, వర్జీనియా
11 ఏప్రిల్

శ్రీ దామోదర్ గారికి,
హరనాథ్ నమస్కారములు.

డబ్బాలు అందినవి. మొదటి డబ్బాలోవి తీసి తూటాలు తయారుచేశాను. కొన్నింటిలో బుల్లెట్ బావిలో చేద పడ్డట్టు జారిపోయింది. కొన్నింటిలో అలిగిన అల్లుడిలా లోపలికి రానంది. రేంజ్‌లో నా టార్గెట్ కాగితం ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు తయారైంది. రెండో డబ్బా, మూడో డబ్బా కూడా అంతే. మూడూ ఒకే తీరున తప్పడం యాదృచ్ఛికం కాజాలదు. వేరు చేసినవారి సంజాయిషీ కోరడమైనది.

భవదీయుడు,
హరనాథ్

తా.క. డబ్బాలు రాగానే తెరిచి చూసి మా ఆవిడ లీల, "ఇంత మసి పట్టిన ఇత్తడి ఇంట్లో ఉంచుకుంటారటండీ?" అని, అన్నింటినీ ఒకే బేసిన్‌లో పోసి, దేవుడి సామానుతో పాటు చింతపండుతో తోమింది. తళతళలాడుతున్నాయి. ఏ డబ్బాకీ తక్కువ కాకుండా మూడింటిలోకీ సమానంగా సర్దింది కూడా. గోంగూర బాగుంది.

*

ట్రాయ్
16 ఏప్రిల్

డాక్టర్ గారికి,

నేను కార్ల కంపెనీలో పిస్టన్లు కొలిచి బతుకుతున్నవాణ్ణి. నా కొలతను డెట్రాయిట్ మొత్తం నమ్ముతోంది. తమరు నమ్మడం లేదు. ఆపరేషన్ ముందు రోగులకు మత్తిచ్చే వృత్తిలో ఉన్నవారు కాబట్టి, ఆ మత్తు కొంత తమరూ పీల్చి తూటాలు కూర్చారేమోనని నా వినయపూర్వకమైన అనుమానం. ముందు కళ్ళు చూపించుకోండి.

ఇట్లు,
దామోదర్

తా.క. తమ తా.క. చదవలేదు. వ్యవహారం తేలేదాకా ఇంటి కబుర్లు చదవడం పద్ధతి కాదు. పచ్చడి డబ్బా ఖాళీ అయితే పంపమంది ప్రమోద.

*

షాంటిలీ
20 ఏప్రిల్

దామోదర్ గారికి,

కళ్ళు చూపించుకున్నాను. కళ్ళు బాగున్నాయి, బీపీ పెరిగింది. కారణం ట్రాయ్‌లో ఉందని డాక్టర్‌తో చెప్పాను. పైగా నిన్న రెండు తూటాలు అసలు పేలనే లేదు. శనివారం ఇంకెంతో దూరం లేదు. నాకు మెంబర్‌షిప్ ఖాయమని మన తెలుగువాళ్ళందరికీ చెప్పేశాను. ఫెయిలైతే ఏ పార్టీకీ తల ఎత్తుకుని వెళ్ళలేను. తమ కాలిపర్‌ను ఎవరైనా పెద్దల చేత పరీక్ష చేయించవలసిందిగా కోరుతున్నాను.

హరనాథ్

తా.క. వానల వల్ల గొట్టాలు సరిగ్గా ఆరలేదట. అడుగున మందుకి నిప్పు అందే సన్నని రంధ్రంలో అక్కడక్కడ చింతపండు పీచు ఉండిపోయిందని లీల అంటోంది. అదే చింతపండుతో చారు కాస్తే కమ్మగా ఉంటుందట. ఆడవాళ్ళ మాటలు.

*

ట్రాయ్
25 ఏప్రిల్

ప్రియమైన హరనాథ్ గారికి,

మీ తా.క.లు రెండూ ప్రమోద భోజనాల దగ్గర పైకి చదివింది. అప్పుడు చెవులు మూసుకోవాలన్న పద్ధతి నేను ఏర్పాటు చేసుకోలేదు. కంచం ముందు నుంచి లేచి ఇది రాస్తున్నాను.

అయ్యా, కలిసిపోయాయి! మూడు కంపెనీలూ కలిసిపోయాయి! ఉన్నవన్నీ పక్కన పెట్టండి. పీచు లేని గొట్టాలు ఏరి, ముద్రలు చూసి, మళ్ళీ వేరు చేయండి. తడి ఉంటే వాడకండి. మీ కళ్ళ గురించి రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. మత్తు గురించి రాసింది మాత్రం పెండింగులో ఉంచుతున్నాను.

మీ,
దామోదర్

తా.క. "ఒక్క ఫోన్ చెయ్యండి మహానుభావా, శనివారం ఎల్లుండి కాక అవతలి రోజే" అని ప్రమోద మొత్తుకుంటోంది. రికార్డు ఉండదని చెప్పాను.

*

షాంటిలీ
30 ఏప్రిల్

ప్రియమైన దామోదర్ గారికి,

మీ ఉత్తరం ఈరోజు అందింది. పరీక్ష మొన్ననే అయిపోయింది. నేను ఫెయిలయ్యాను. మూడు తూటాలు పేలలేదు. పేలినవాటిలో ఒకటి పక్కాయన టార్గెట్‌కి సరిగ్గా మధ్యలో తగిలింది. ఆయన థ్యాంక్స్ చెప్పాడు.

నన్ను ఓదార్చడానికి వచ్చిన క్లబ్ ప్రెసిడెంట్ వాల్టర్ గారు, నా పెట్టెలోంచి ఓ తూటా తీసి, అందులో తన మీసం చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. "డాక్, మేం ఇన్నేళ్ళుగా గొట్టాలని మొక్కజొన్న కండె పొడిలో వేసి మిషన్‌లో తిప్పుతున్నాం, ఏనాడూ ఇలా మెరవలేదు. ఎవరు చేశారు?" అన్నారు. నా భార్య అన్నాను. కమిటీ అక్కడే, నిలబడే సమావేశమైంది.

బోర్డు మీద తొలి తెలుగు పేరు పడింది. లీల. జీవితకాల మెంబర్. పిస్టల్ ముట్టుకోనక్కర్లేదట. నేను ఆమె గెస్ట్‌ని, కాల్చేచోటికి అడ్డంగా గీసిన పసుపు గీత దాటరాదు.

ఇప్పుడు మా వంటింటి నిండా క్లబ్‌వారి గొట్టాల బకెట్లు. ఇండియన్ షాపులో చింతపండు అయిపోయింది, మా ఇంట్లో చారు ఆగిపోయింది. కంపెనీలవారీగా వేరు చేద్దామని కాలిపర్ పట్టుకుని వెళితే, "మీరు అవతలికి జరగండి, మీకు తెలీదు" అంది లీల. ఇంకో బకెట్ తెచ్చిన వాల్టర్ గారు అవునన్నట్టు తల ఊపారు.

మీ,
హరనాథ్

తా.క. లీల ప్రతిపాదించగా కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించిన నిబంధన: ఒకే బేసిన్‌లో, ఒకే చింతపండుతో తోమబడిన ఇత్తడి యావత్తూ, పుట్టిన కంపెనీతో నిమిత్తం లేకుండా, ఒకే గోత్రంగా పరిగణించబడును. ఇదే తుది నిర్ణయం. కాలిపర్ సాక్ష్యం చెల్లదు.