దాహం ఎవరికి లేదు?

జనవరి 9

మళ్ళీ వచ్చింది. ముందుతోలు కింద అదే ఎరుపు, అదే దురద, విరిగిన పాలలా తెల్లగా అదే. మూత్రం పోస్తే మంట. ఆగస్టులో ఒకసారి, నవంబరులో ఒకసారి వచ్చింది. ఏదో క్రీమ్ రాస్తే తగ్గుతుంది. పీడ వదిలిందనుకుంటే మళ్ళీ తగులుకుంటుంది.

బట్టల సబ్బుతో రుద్ది కడిగాను. ప్రాణం పోయినంత పనైంది.

జనవరి 12

పొద్దున ఇటుకల భట్టీ దగ్గర అందరం తెరెరే తాగడానికి కూర్చున్నాం. మూలికలు, ఐసు నీళ్ళు, ఒకే కొమ్ము గ్లాసు, పీల్చడానికి ఒకే గొట్టం, చేతులు మారుతూ వస్తుంది. నాకున్నది వాళ్ళకు అంటుకుంటే? నా మొదటి వంతుకే థ్యాంక్స్ అనేశాను. మా దగ్గర ఆ మాటంటే నాకిక చాలు, నన్ను దాటేసి పొండి అని. ఒక్క గుక్కైనా తాగకుండా ఆ మాట అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

నాతో పనిచేసే సిరీలో ఊరుకుంటాడా? దొరగారికి మన ఎంగిలి పడటం లేదురోయ్, బంగారు గొట్టం చేయించండ్రా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత కుళాయి కింద నోరు పెట్టి కడుపు పట్టినన్ని నీళ్ళు తాగాను.

జనవరి 13

ఇంట్లోనూ నాకు వేరే గొట్టం పెట్టుకున్నాను. నా పెళ్ళాం లిబ్రాదా చూసింది. 

జనవరి 20

లిబ్రాదా ఇవాళ మొదలుపెట్టింది. నీ కడుపులో చెరువు తవ్వుతున్నారా, ఎంత పోసినా నిండదేం అంది. వాళ్ళమ్మ కూడా పాదం తీసేసే ముందు ఇలాగే తాగేదట. వెళ్ళి రక్తం చూపించుకో అని పోరు. భట్టీ ముందు నిలబడేవాడికి దాహం కాక చలి వేస్తుందా అన్నాను. జనవరి నడివేసవిలో పరాగ్వేలో దాహం ఎవరికి లేదు? పొద్దస్తమానం తాగుతాం, పొద్దస్తమానం పోస్తాం.

ఉక్కగా ఉందని సాకు చెప్పి మంచం వసారాలోకి లాక్కున్నాను. అసలు సంగతి ఎలా చెప్పను? పెళ్ళాం ముందు ప్యాంటు విప్పడానికి సిగ్గుపడే రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఫిబ్రవరి 2

మందుల షాపు ఫెర్మీన్ గారికి చెప్పక తప్పలేదు. షాపులో ఎవరూ లేనిదాకా తలనొప్పి మాత్రలు చూస్తూ నిలబడ్డాను. ఆయన చూడను కూడా చూడలేదు. ఇది ఆడదాని నుంచి తప్ప రాదు నాయనా, అది ఎవరో నీకే తెలియాలి అన్నాడు. లోపలికి తీసుకెళ్ళి ఇంజెక్షన్ పొడిచాడు.

నేను పరాయి ఆడదాన్ని ముట్టుకోలేదు. ఇక మిగిలింది ఎవరు? లిబ్రాదా పొద్దున్నే గంపనిండా వేడి చీపా రొట్టెలు పెట్టుకుని వెళుతుంది. ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కుతూ అమ్ముతుంది. ఆమె కనిపిస్తే డ్రైవర్లు హారన్ కొడతారు. అది బేరం పిలుపనే ఇన్నేళ్ళూ అనుకున్నాను.

ఫిబ్రవరి 3, సాయంత్రం

అడిగేశాను. ఎవడు వాడు అని.

పిండి చేతులు కడుక్కుంది. తీరిగ్గా తుడుచుకుంది. బస్సెక్కితే ఎవడికి ఆకలేస్తోందో చూస్తాను గాని ఎవడి మొహం ఎలా ఉందో చూడను అంది. గొట్టం వేరు చేసింది నువ్వు, మంచం లాక్కుంది నువ్వు, ఎవతె అని అడగాల్సింది నేను, అయినా అడగలేదు చూడు అంది. గంపలో బట్టలు సర్దుకుని కాకుపేలో ఉన్న వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 4

పొయ్యి వెలిగించలేదు.

ఫిబ్రవరి 19

మళ్ళీ వచ్చింది. ఈసారి తోలు బిగుసుకుపోయి వెనక్కి రావడం లేదు. చిట్లి రక్తం కారుతోంది.

ఆమె ఇంట్లో లేదు. నెల రోజులుగా ఆమె పక్కన నేను లేను. మరి ఇప్పుడు ఎవరు అంటించారు?

మంచం మీద కూర్చుని దీని గురించే ఆలోచించాను. భయం వేసింది. రోగానికి కాదు, ఆమెను అన్న మాటకు.

ఫిబ్రవరి 22

హెల్త్ సెంటర్‌కి వెళ్ళాను. తీరా చూస్తే లేడీ డాక్టర్. గుమ్మం దాకా వెనక్కి వచ్చి, మంట గుర్తొచ్చి మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. డాక్టర్ నోఎలియా గారు మొహం చిట్లించలేదు. చేతికి తగిలిన గాయం చూసినట్టే చూసింది.

దాహం ఎక్కువా, రాత్రుళ్ళు మూత్రానికి లేస్తారా అని అడిగింది. నవ్వొచ్చింది. తెరెరే తాగే ఊళ్ళో అదేం ప్రశ్నమ్మా, నాలుగైదుసార్లు లేస్తాను అన్నాను. మీతో పనిచేసేవాళ్ళు కూడా నిద్రలో ఇన్నిసార్లు లేస్తారా అయ్యా అంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. వాళ్ళు కొమ్ము బోర్లించాక కూడా కుళాయి దగ్గర నిలబడేది నేనొక్కణ్ణే.

వేలికి సూది గుచ్చింది. షుగర్ మూడు వందలు దాటింది. మూత్రంలో దిగే చక్కెర తిని అక్కడ ఫంగస్ పెరుగుతోందట. ఎవరూ అంటించనక్కర్లేదట. అయినా ఊహ మీద వదిలేయకూడదని మిగతా జబ్బుల టెస్టులకూ రక్తం తీసింది. సబ్బు మానేసి మామూలు నీళ్ళతో కడిగి ఆరనివ్వమంది. సరైన క్రీమ్, షుగర్ మాత్రలు ఇచ్చింది. మీ ఆవిడకూ దురద ఉంటే తీసుకురండి అంది.

తీసుకొస్తానన్నాను. ఎక్కడినుంచి తీసుకురాను?

ఫిబ్రవరి 27

మిగతా టెస్టుల్లో ఏమీ లేదు. కాకుపే వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టింది. అంతా చెప్పాను. సిగ్గు విడిచి, అక్కడ ఎలా ఉందో కూడా చెప్పాను. నీ తప్పేం లేదు, నాకు షుగర్ అన్నాను.

నా తప్పు లేదని నీకు చెప్పడానికి డాక్టరమ్మ కావలసి వచ్చిందా అంది.

తలుపు వేసేసింది. ఏడుస్తూనే బస్సెక్కాను. చీపాలమ్మే ఒకామె గంప నా ముందుకు చాపింది. వద్దని తల తిప్పుకున్నాను.

మార్చి 13, ఆదివారం

మంట పూర్తిగా పోయింది. లిబ్రాదా వచ్చింది. బట్టల మూట తేలేదు.

కాళ్ళు చాపమంది. రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులు విడదీసి చూసింది. వాళ్ళమ్మకు చూసేవాళ్ళు లేకపోయారు. ప్రతి ఆదివారం వస్తానంది. పాదాల కోసమట, నాకోసం కాదట.

తర్వాత కొమ్ము నింపి, తన గొట్టంతో తాను తాగి, అదే నా చేతికిచ్చింది. తాగాను. ఖాళీ కొమ్ము తిరిగి ఇచ్చాను.

థ్యాంక్స్ అనలేదు.