వంపు అద్దం పగల్లేదు

రమణా,

మన అమ్మాయి నరసరావుపేటలో రేపు తెరవబోయే మిఠాయి కొట్టుకి వంపు అద్దం మన షెడ్డులోనే తయారైంది. ఇన్నాళ్లూ కొలిమిలోంచి తీసిన వేడి అద్దం చల్లారి గట్టిపడేలా గాలి కొట్టే గొట్టాలు తిన్నగా ఉండేవి. వంపు లోపలికి గాలి సరిగా అందక అద్దం పగిలేది. ఈసారి గొట్టాలనే అద్దం వంపుకి తగ్గట్టు వంచాను.

పగిలిన చప్పుడు వినగానే వంటింట్లోంచి నువ్వు, "ఏందయ్యా, పాయెనా?" అనేదానివి. నువ్వు లేని ఈ రెండేళ్లూ ఆ మాట అడిగినవాళ్లు లేరు.

ఇవాళ బ్లోయర్ ఆపాక గోడ అవతలి నుంచి ఖాసింబీ పిన్ని, "ఏందిరా అబ్బాయ్, ఇయ్యాల పగలగొట్టలా?" అంది. నవ్వు ఆగలేదు.

సాయంత్రం కొట్లో అద్దం బిగించాక అమ్మాయి దాని వెనక నీ పద్ధతిలో వండిన కజ్జికాయలు పేర్చి, మొదటిది నా చేతిలో పెట్టింది. కొరికి, నీకు జవాబు చెప్పాను.

"పోలేదే."